బయటి అంచు చూసి మోసపోకండి: కారు టైర్లపై మీ ప్రశ్నలు

వానాకాలం ముందు టైర్ల గురించి ప్రశ్నలు పంపమని అడిగాం. వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి: పైకి బాగానే ఉన్న టైరు ఉన్నట్టుండి ఎలా పాడైంది? ఖమ్మం నుంచి వచ్చిన ఉత్తరంలో దీని మూలం ఉంది కాబట్టి దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాం.

ప్రశ్న: నా చిన్న కారు 38 వేల కిలోమీటర్లు తిరిగింది. టైర్లు చూస్తే ఇంకో ఏడాదైనా వస్తాయనిపించింది. పంక్చర్ వేయించడానికి చక్రం ఊడదీస్తే, ముందు ఎడమ టైరు లోపలి అంచులో తీగలు బయటపడ్డాయి. ఇది ముందే తెలుసుకునే దారి లేదా? – ఖమ్మం పాఠకుడు

జవాబు: ఉంది. పావుగంట పని. అంతకంటే ముందు ఒక మాట: ఆ టైరు మీద ఇక ఒక్క కిలోమీటరు కూడా నడపకండి. తీగలు కనిపించాయంటే రబ్బరు దాని కింద ఉండే ఉక్కు బెల్టు (ఉక్కు తీగల పొర) దాకా అరిగిపోయినట్టే. అక్కడ నీళ్లు తగిలితే ఉక్కు తుప్పు పడుతుంది, రబ్బరు దాన్ని పట్టుకోవడం మానేస్తుంది, బాగా వేడెక్కిన రోజున అక్కడే చీలుతుంది. స్టెప్నీ వేసుకుని టైర్ల షాపుకు వెళ్లండి.

మనం కారు పక్కన నిలబడితే కనిపించేది టైరు బయటి అంచు, కాస్త వంగితే మధ్య భాగం. లోపలి అంచు కారు కిందికి తిరిగి ఉంటుంది. పైగా అరుగుదల తెలియడానికి కంపెనీలు గాడి అడుగున పోసే చిన్న అడ్డుదిమ్మలు చుట్టూ తిరిగే పెద్ద గాడుల్లోనే ఉంటాయి. వాటి ఎత్తు 1.6 మి.మీ. కారు టైరుకు మన మోటారు వాహనాల నిబంధనలు అనుమతించే కనీస లోతు కూడా అదే. లోపలి అంచు మొత్తం నున్నబడినా, మధ్య గాడిలో దిమ్మ ఇంకా అడుగునే ఉండి ‘పర్లేదు’ అన్నట్టు కనిపిస్తుంది. మీ కారుకు జరిగింది ఇదే.

ఇక చూసే పద్ధతి. కారును చదునైన చోట నిలిపి, స్టీరింగును ఒక వైపు పూర్తిగా తిప్పి, ఇంజన్ ఆపి హ్యాండ్ బ్రేకు వేయండి. ముందు చక్రాలు పక్కకు తిరగడంతో టైరు ముఖం బయటికి వస్తుంది. పగలైనా సరే, టార్చి వేసి లోపలి అంచు దాకా చూడండి. ఆ తర్వాత చక్రం అర చుట్టు తిరిగేలా కారును ముందుకు జరిపి మిగతా సగం చూడండి. ఒక్క చోట చూసి వదిలేస్తే లాభం లేదు, బ్రేకు గట్టిగా పట్టి ఈడ్చుకుపోయిన మచ్చలు టైరులో ఒకే చోట ఉంటాయి. వెనక టైర్లకు ఫోనే సాధనం: లైటు వేసి, వీడియో పెట్టి, చక్రం వెనక నేలకు దగ్గరగా చేయి చాచి తీయండి. తల మాత్రం కారు కింద పెట్టకండి.

తీగలు లేవని కంటితో తేల్చుకున్నాకే చేయి పెట్టాలి, లేకపోతే అరచేయి కోసుకుంటుంది. బయటి అంచు నుంచి లోపలికి ఒకసారి, లోపలి నుంచి బయటికి ఒకసారి అరచేత్తో నెమ్మదిగా నిమరండి. ఒక దిశలో నున్నగా, ఎదురు దిశలో రంపం పళ్లలా తగిలితే చక్రాలు నేరుగా చూడటం లేదని అర్థం. కంటికి ఏమీ తెలియని దశలోనే చేతికి ఇది తెలిసిపోతుంది. అలా కాకుండా టైరు చుట్టూ ఎత్తుపల్లాలుగా, గిన్నెతో తవ్వినట్టు గుంటలు తగిలితే షాక్ అబ్సార్బర్ బలహీనపడిందేమో చూపించండి. అలాంటి టైరు రోడ్డు మీద బేరింగ్ పోయినట్టే గుయ్యిమని మోగుతుంది. బేరింగ్ మార్చి డబ్బు పోగొట్టుకున్నాక టైరు వైపు చూడటం కంటే ముందే చూడటం మేలు.

లోతు కొలిచే గేజి ఆటో విడిభాగాల షాపుల్లో చవకగా దొరుకుతుంది. ఒక్కో టైరుకు లోపలి, మధ్య, బయటి గాడుల్లో, చుట్టూ మూడు చోట్ల కొలవండి. తొమ్మిది అంకెలు వస్తాయి. కాగితం మీద రాసుకోండి, మూడు నెలల తర్వాత మళ్లీ కొలిస్తే ఎటువైపు ఎంత తరుగుతోందో మీకే తెలుస్తుంది. కొత్త కారు టైరు గాడి 7 నుంచి 8 మి.మీ. ఉంటుంది. లోపలికీ బయటికీ 1.5 మి.మీ. తేడా వచ్చిందంటే వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) కోసం వెళ్లాల్సిందే.

ఇంత చిన్న తేడా అంత పని ఎలా చేస్తుందంటే ఒక లెక్క చూడండి. చక్రం నేరుగా ఉండాల్సిన దానికంటే 0.1 డిగ్రీ పక్కకు తిరిగి ఉందనుకోండి. కిలోమీటరు నడిస్తే ఆ టైరు సుమారు 1.75 మీటర్లు పక్కకు రుద్దుకున్నట్టు. 10 వేల కిలోమీటర్లకు 17 కిలోమీటర్ల పైమాటే. చక్రాలు ముందువైపు విడిపోయినట్టు చూస్తుంటే ఆ రాపిడి లోపలి అంచు మీద పడుతుంది. పైభాగం లోపలికి వాలిన చక్రానికీ అంతే. మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువైంది, రెండు అంచులూ సమానంగా అరిగితే గాలి తక్కువైంది. ఒక్క అంచే పోతే గాలిని అనుమానించకండి.

అలైన్‌మెంట్ చేయించే ముందు చక్రాన్ని పట్టి ఉంచే భాగాలు, అంటే టై రాడ్ ఎండ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు వదులయ్యాయేమో చూడమనండి. వదులుగా ఉన్నవాటి మీద కోణాలు సరిచేస్తే మొదటి గతుకుకే మళ్లీ తప్పుతాయి. పని ముందు, పని తర్వాత అంకెలున్న ప్రింటు అడిగి తీసుకోండి. మన చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాలు ఎటు చూస్తున్నాయన్నదే సరిచేసే వీలుంటుంది, వాలు సరిచేసే ఏర్పాటు ఉండదు. ప్రింటులో వాలు ఎర్రగా చూపిస్తుంటే ‘ఇది ఇంతేనండి’ అన్న జవాబుతో వెనక్కి రాకండి. గుంతలో పడి స్ట్రట్ (చక్రాన్ని నిలువుగా పట్టే కడ్డీ) వంగి ఉండొచ్చు, ఆర్మ్ వంగి ఉండొచ్చు. అది మార్చకుండా కొత్త టైరు వేస్తే అదీ మళ్లీ లోపలి నుంచే పోతుంది.

ప్రశ్న: మా దగ్గర ఎండలు 45 డిగ్రీలు దాటతాయి. టైరు పేలకుండా వేసవిలో గాలి నాలుగైదు పాయింట్లు తగ్గించి నడపాలని మా డ్రైవరు అంటాడు. నిజమేనా? – రామగుండం పాఠకురాలు

జవాబు: కాదండి. ఈ నమ్మకమే వేసవిలో టైర్లను చంపుతోంది. టైరును పాడుచేసే వేడిలో పెద్ద భాగం లోపలే పుడుతుంది: తిరుగుతున్నప్పుడు పక్కగోడ ప్రతి చుట్టుకూ వంగి లేస్తుంది. గాలి తక్కువైన కొద్దీ ఎక్కువ వంగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. ఆ వేడికి బెల్టు పొరలు విడిపోతాయి. రోడ్డు వేడి, ఎక్కించిన బరువు, వేగం మూడూ దానికి తోడైతే జాతీయ రహదారి మీద టైరు విడిపోయేది అప్పుడే.

గాలి చల్లని టైరుకే చూడాలి. కారు కనీసం మూడు గంటలు నిలిచి ఉండాలి, లేదా నెమ్మదిగా రెండు కిలోమీటర్లలోపే నడిచి ఉండాలి. డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీద, కొన్ని కార్లకు పెట్రోలు మూత లోపల స్టిక్కరు ఉంటుంది. దాని మీది అంకే మీ కారుకు ప్రమాణం. నిండా మనుషులు, సామాను ఉంటే వేరే అంకె ఉంటుంది, తిరుపతి ప్రయాణానికి బయల్దేరే ముందు అది పట్టించండి. టైరు పక్కగోడ మీద రాసిన పీడనం అంకె ఆ టైరు భరించగల గరిష్ఠం. అంత పట్టించకూడదు.

ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు పెరిగితే గాలి 1 పీఎస్‌ఐ, అంటే ఒక పాయింటు పెరుగుతుంది. పొద్దున 33 ఉన్నది మధ్యాహ్నం హైవే మీద 37, 38 చూపిస్తే ఆందోళన వద్దు, కంపెనీవాళ్లు ఆ పెరుగుదలను లెక్కలో వేసుకునే స్టిక్కరు అంటించారు. వేడి మీద 33కి దించితే, రాత్రికి చల్లబడ్డాక 28, 29 మిగులుతుంది. మీ డ్రైవరు ఇన్నాళ్లూ చేస్తున్నది అదే అయివుంటుంది. నైట్రోజన్ గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. పట్టిస్తే తప్పులేదు, కానీ నెలకోసారి గేజి పెట్టి చూసుకోవడం దానికంటే చాలా ఎక్కువ మేలు చేస్తుంది.

ప్రశ్న: రిటైరయ్యాక కారు బయటికి తీయడమే తక్కువ. ఆరేళ్లలో 11 వేల కిలోమీటర్లు. గాడులు దాదాపు కొత్తవాటిలా ఉన్నాయి. మార్చక్కర్లేదు కదా? – రాజమహేంద్రవరం పాఠకుడు

జవాబు: గాడి చూసి చెప్పలేం, పుట్టిన తేదీ చూసి చెప్పాలి. పక్కగోడ మీద ‘డీఓటీ’ అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. చాలా టైర్లకు ఈ నాలుగంకెలు ఒక్క వైపే ఉంటాయి, అవి లోపలివైపు పడితే ఫోను వీడియోతోనే చదవాలి. మీ కారు కొన్న తేదీ కంటే టైరు ఇంకా పాతదై ఉండొచ్చని గుర్తుంచుకోండి.

రబ్బరు నిలిచి ఉన్నా ముసలిదవుతుంది. ఎండ, గాలిలోని ఓజోన్, వేడి దాన్ని గట్టిపరుస్తాయి. నిజానికి ఎప్పుడో ఒకసారి కదిలే కారుకే ఇది త్వరగా పైకి తేలుతుంది, ఎందుకంటే రబ్బరులో కలిపిన రక్షణ మైనం టైరు తిరుగుతూ వంగుతున్నప్పుడే పైకి ఊరుతుంది. గాడుల అడుగున, పక్కగోడ రిమ్మును తాకే చోట వెంట్రుకవాసి పగుళ్లు వెతకండి. బొటనవేలితో నొక్కితే పగులు తెరుచుకుంటోందంటే ఆ టైరు పని అయిపోయింది. ఆరేళ్లు దాటితే మార్చమని చాలా కార్ల కంపెనీలు చెబుతాయి. ఐదేళ్ల తర్వాత ఏటా షాపులో చూపించమని, పదేళ్లకు ఎలా ఉన్నా తీసేయమని కొన్ని టైరు కంపెనీల మాట. మన ఎండల్లో, కారు ఆరుబయట ఉంచేవాళ్లకు ఆరేళ్ల మాటే పట్టుకోమని మా సలహా. స్టెప్నీ తేదీ కూడా చూడండి. ఒక్కసారీ వాడలేదు కాబట్టి కొత్తదే అనుకుంటారు, దాని వయసూ మిగతా నాలుగింటిదే. అది సైజు తక్కువ స్టెప్నీ అయితే 80 కి.మీ. వేగం మించకూడదని దాని మీదే రాసి ఉంటుంది.

ప్రశ్న: గుంతలో పడ్డాక టైరు పక్కన నిమ్మకాయంత ఉబ్బు వచ్చింది. లోపల ట్యూబ్ వేస్తే ఇంకో 10 వేల కిలోమీటర్లు వస్తుందని షాపులో అన్నారు. – కర్నూలు పాఠకుడు

జవాబు: వేయించకండి. పక్కగోడలో బరువు మోసేవి దారాలు. రిమ్ముకూ గుంత అంచుకూ మధ్య నలిగి అవి తెగాయి, ఇప్పుడు అక్కడ గాలిని ఆపుతున్నది వట్టి రబ్బరు. ట్యూబు ఆ దారాలను తిరిగి అతకదు. ఉబ్బిన టైరుకు మరమ్మతు లేదు, మార్చడమే. రిమ్ము లోపలి అంచు వంగిందేమో కూడా అదే రోజు చూపించండి, అటువైపు వంగితే బయటికి కనిపించదు.

ఒక తేడా తెలుసుకుంటే అనవసరపు భయం తప్పుతుంది. పక్కగోడ మీద పైనుంచి కిందికి సన్నటి సొట్టలా, లోపలికి పోయినట్టు గీత ఉంటే అది దారాల పొర ఒకదానిపై ఒకటి అతికిన చోటు. దానివల్ల ప్రమాదం లేదు. బయటికి పొంగిందే ప్రమాదం.

ప్రశ్న: 50 కి.మీ. వేగంలో స్టీరింగు ఎగురుతోంది. మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించాను, తగ్గలేదు. – హైదరాబాద్ పాఠకురాలు

జవాబు: బ్యాలెన్సింగ్ లోపం ఎక్కువగా 80 దాటాక బయటపడుతుంది. అంత తక్కువ వేగంలోనే, అదీ ముద్దగా ఊగుతున్నట్టుంటే టైరు లోపల బెల్టు పొర విడిపోతోందని అనుమానించాలి. వంగిన రిమ్ము కూడా కావచ్చు. చూసే విధానం ఉంది, కానీ షాపులోనే చేయించుకోండి: కారు గేరులో, హ్యాండ్ బ్రేకుతో ఉంటే లేపిన చక్రం చేత్తో తిరగదు, ఒక్క జాకీ మీద గేరు తీసి బ్రేకు వదలడం సాహసం. అక్కడ లేపిన చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ, టైరు ముఖానికి రెండు మి.మీ. దూరంలో పెన్ను కదలకుండా పట్టుకోమనండి. ఒక చోట మాత్రం రబ్బరు లేచి పెన్నును తాకితే అక్కడే పొర విడిపోయింది. పక్కకు ఊగుతుంటే రిమ్ము వంగింది. పొర విడిపోయిన టైరుతో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కకండి.

ప్రశ్న: పాత కారు చూశాం. టైర్లు నల్లగా మెరుస్తున్నాయి, గాడులు లోతుగా ఉన్నాయి. నమ్మొచ్చా? – విజయవాడ పాఠకుడు

జవాబు: మెరుపు పాలిష్‌ది. తడిగుడ్డతో గట్టిగా తుడిస్తే కింది పగుళ్లు కనిపిస్తాయి. అరిగిన కారు టైరుకు వేడి బ్లేడుతో కొత్త గాడులు కోసి అమ్మేవాళ్లున్నారు. గుర్తుపట్టడం కష్టం కాదు: గాడి అంచులు కత్తితో కోసినట్టు మొరటుగా ఉంటాయి, లోతు చోటుకో రకంగా ఉంటుంది, అడుగున అడ్డుదిమ్మలు ఉండవు, కొన్నిచోట్ల తీగ మెరుస్తుంది. కారు టైర్లకు అలా కోసుకునేంత రబ్బరు బెల్టు మీద ఉండదు. నాలుగు టైర్ల తేదీలూ చదవండి. ఒక జత మాత్రమే కొత్తదైతే పాతవి ఎందుకు మార్చారో అడగండి. తీసేసిన పాత టైరు ఇంకా వాళ్ల దగ్గరుంటే దాని లోపలి అంచు చూడండి, ఆ కారు చరిత్ర అందులో ఉంటుంది.

ప్రశ్న: బడ్జెట్ రెండు టైర్లకే ఉంది. కారు ముందు చక్రాలతో నడిచేది. కొత్తవి ముందు వేయాలా, వెనకా? – నెల్లూరు పాఠకుడు

జవాబు: వెనక. ముందే వేయాలని చాలా షాపుల్లో చెబుతారు, కానీ తడి రోడ్డు మీద లెక్క వేరు. ముందు టైర్లు నీటి మీద తేలితే స్టీరింగు తేలికైపోవడం చేతికి తెలుస్తుంది, యాక్సిలరేటరు వదిలితే మళ్లీ పట్టు దొరుకుతుంది. వెనకవి తేలితే కారు తోక తిరిగిపోతుంది, దాన్ని అదుపు చేయడం మామూలు డ్రైవర్ల వల్ల కాదు. విమాన చక్రాలు నీటి మీద ఎప్పుడు తేలతాయో నాసా పరిశోధకులు 1960ల్లో లెక్క కట్టారు. గాడుల్లో పట్టనంత నీరున్నప్పుడు ఆ వేగం గాలి పీడనాన్ని బట్టి ఉంటుంది. 33 పీఎస్‌ఐకి అది సుమారు 96 కి.మీ., 25 పీఎస్‌ఐకి 83. అంటే గాలి తగ్గిన టైరు ముందే తేలుతుంది. చట్టం 1.6 మి.మీ. దాకా ఒప్పుకుంటుంది, కానీ వానల ముందు 3 మి.మీ. కంటే తక్కువ మిగిలితే మార్చేయండి. ముందు చక్రాలకు ఉండే పాత టైర్లు కూడా ఆ 3 మి.మీ. పైనే ఉండాలి.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. ఇక్కడ పెన్నీ నాణెం తలకిందులుగా గాడిలో పెట్టి, లింకన్ తల పూర్తిగా కనిపిస్తే టైరు మార్చేస్తాం. గుంటూరులో నాన్నగారికి ఏ నాణెం పెట్టి చూడమనాలి?

జవాబు: పెన్నీ లెక్క 2/32 అంగుళం, అంటే ఇంచుమించు అదే 1.6 మి.మీ. మన నాణేలకు అలాంటి వాడుక గుర్తు లేదు. గేజి లేకపోతే అగ్గిపుల్లను గాడిలో నిలువుగా దించి, పైఅంచు దగ్గర గోరుతో గుర్తు పెట్టి స్కేలు మీద కొలవమనండి. స్కేలునే గాడిలో దించితే తప్పు లెక్క వస్తుంది, సున్నాకు ముందు కాస్త ఖాళీ ఉంటుంది కదా. అడ్డుదిమ్మ మీద కాకుండా దాని పక్కన కొలవాలి. ఆయన్ని వంగి చూడమనే కంటే, స్టీరింగు పక్కకు తిప్పి నిలిపి వీడియో కాల్ చేయమనండి. లోపలి అంచు మీరే చూడొచ్చు. మీ కారు డ్యాష్‌బోర్డులో వెలిగే గాలి హెచ్చరిక లైటు సాధారణంగా పీడనం పాతిక శాతం పడిపోయాకే వెలుగుతుంది, అరుగుదల గురించి అది ఏమీ చెప్పదు. కాబట్టి మీరూ మీ టైర్ల లోపలి అంచు చూసుకోండి.

ప్రశ్న: ట్యూబ్‌లెస్ టైరు గాలి పోయినా గమనించక రెండు కిలోమీటర్లు నడిపాను. పంక్చర్ వేసి గాలి పట్టారు, నిలిచింది. ఇక భయం లేదుగా? – అనంతపురం పాఠకుడు

జవాబు: లోపల చూడకుండా చెప్పలేం. గాలి లేని టైరు నడిస్తే పక్కగోడ రిమ్ముకూ రోడ్డుకూ మధ్య మడతపడి, లోపలి పొర నలిగి పొడి అవుతుంది. బయట ఒక్క గీత కూడా ఉండకపోవచ్చు. టైరును రిమ్ము నుంచి విప్పించండి. లోపల నల్లటి రబ్బరు పొడి రాలినా, పక్కగోడ లోపల చుట్టూ ముడతల పట్టీ కనిపించినా, వేలికి మెత్తగా తగిలినా ఆ టైరును మళ్లీ ఎక్కించొద్దు. లోపల శుభ్రంగా ఉండి, రంధ్రం 6 మి.మీ. లోపు, గాడులున్న మధ్య భాగంలోనే ఉంటే, బయటి నుంచి రబ్బరు పట్టీ గుచ్చి వదిలేయకుండా లోపలి నుంచి పుట్టగొడుగు ఆకారపు ప్యాచ్ వేయించండి. అంచు దగ్గరో, పక్కగోడలోనో రంధ్రం ఉంటే మరమ్మతు అడగొద్దు. విప్పారు కాబట్టి రబ్బరు వాల్వు కూడా కొత్తది వేయించండి. పాతదాన్ని వేలితో వంచితే దాని మొదలు దగ్గర పగుళ్లు కనిపిస్తాయి, గాలి నెమ్మదిగా పోయేది చాలాసార్లు అక్కడినుంచే. చక్రం బిగించాక 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచిన తర్వాత నట్లు మరోసారి బిగించి చూసుకోండి.